కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించాలా వద్దా? మొదటి అనుమానం నుంచి స్కూలు దాకా, వరసగా

మా వాడికి ఇప్పుడు ఆరేళ్లు. రెండేళ్ల నాలుగు నెలలప్పుడు కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలోకి సన్న వైరు పంపి, వినికిడి నరాన్ని కరెంటుతో తట్టి లేపే మిషన్) చేయించాం. మాది కావలి పక్కన పల్లె, మా ఆయనది రొయ్యల గుంటల పని. కందుకూరు సైడు నుంచి, సింగరాయకొండ నుంచి, ఈ మధ్య కనిగిరి నుంచి కూడా ఎవరో ఒకరు నంబర్ కనుక్కొని ఫోన్ చేసి "అక్కా, ఆపరేషన్ చేయిస్తే మాటలొస్తాయా" అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి గంట చెప్పినా సగం మర్చిపోతా ఉన్నా, అందుకే మొత్తం ఇట్ట రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట. అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు. ఆపరేషన్ రెండు మూడు గంటల పని. ఆ తర్వాత మూడు నాలుగేళ్లు రోజూ పిల్లోడి పక్కన ఎవరు కూర్చుంటారు, ఐదో ఏడో ఆరో ఏడో మిషన్ వైరు తెగితే డబ్బులు యాడ నుంచి వస్తాయి, ఆ రెండూ ఇంట్లో తేలితే ఆపరేషన్ సంగతి దానంతటదే తేలుద్ది.

1. ప్లేటు కొట్టి చూడ్డం ఆపేసి టెస్టుకి పొండి

మా వాడికి ఎనిమిదో నెలలో నాకు అనుమానం వచ్చింది. కుక్కర్ విజిల్ వేసినా కదలడు, కానీ తలుపు దబ్బున పడితే తిరిగేవాడు. మా అత్త వాడి వెనకాల నిలబడి స్టీలు ప్లేటు మీద గరిటెతో కొట్టింది, వాడు ఠక్కున తిరిగాడు, ఇంకేంది వినపడతా ఉందిగా అని అందరూ నవ్వేశారు. తర్వాత వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ మేడం చెప్పింది, వినపడని పిలకాయలు నేల అదురు పసిగడతారు, నీడ కదిలినా గాలి తగిలినా తిరుగుతారు, ఇంట్లో చేసే పరీక్ష దేనికీ పనికిరాదు అని.

ఈలోగా వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాశాం, నాలిక కింద నరం కోయించమన్నారు, వాళ్ల నాయనకి కూడా మూడేళ్లకి గానీ మాటలు రాలేదన్నారు. నెల్లూరు రొట్టెల పండక్కి పోయి స్వర్ణాల చెరువు కాడ రొట్టె కూడా పట్టుకున్నాం (అది తప్పని నేననను, నమ్మకం నమ్మకమే, ఆ పండగ అయ్యేదాకా టెస్టు వాయిదా వేసుకున్నాం చూడండి, అదీ తప్పు). ఒక పిల్లల డాక్టరేమో మగపిల్లలకి లేటవుద్ది మూడేళ్ల దాకా చూద్దాం అన్నాడు. అట్ట మాకు పదకొండు నెలలు పోయాయి. అసలు లెక్క ఏందంటే పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు వినికిడి లోపం ఉందో లేదో తేల్చడం, ఆరు నెలల్లోపు చెవి మిషనో, వినడం మాట్లాడటం నేర్పే థెరపీనో మొదలుపెట్టడం. మూడేళ్ల దాకా చూద్దాం అనే మాట ఎవరన్నా సరే వినొద్దు.

మేనరికం అయినా, పుట్టగానే బాక్సులో పెట్టినా, కామెర్లు బాగా ఎక్కువై రక్తం మార్చినా, బరువు మరీ తక్కువ పుట్టినా, మెదడు జ్వరం వచ్చినా, అనుమానం లేకపోయినా టెస్టు చేయించండి. ప్రభుత్వం వైపు 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అని పిల్లల జబ్బులు ముందే కనిపెట్టే ఒక కార్యక్రమం ఉంది, పుట్టు చెవుడు అందులో చూసే జబ్బుల్లో ఒకటి. మీ ఊరి ఏఎన్ఎంనో అంగన్వాడీ టీచర్‌నో అడిగితే జిల్లా కేంద్రంలో ఉండే డైస్ (డీఈఐసీ) సెంటర్‌కి పంపిస్తారు.

2. రిపోర్టు చదవడం నేర్చుకోండి

మొదట చేసేది ఓఏఈ, చెవిలో చిన్న బుడిపె పెట్టి లోపలి చెవి శబ్దానికి పలుకుతుందా అని చూస్తారు, రెండు నిమిషాల్లో అయిపోద్ది. రెండోది బెరా, దీనికి బిడ్డ నిద్రపోవాల. మేం నెల్లూరు తీసకపోయిన రోజు వాణ్ని తెల్లవారుజామున మూడింటికి లేపి, బస్సులో కూడా కునుకు తీయనీకుండా ఆడించుకుంటా పోయాం, అయినా అక్కడ పడుకోలేదు, నిద్ర మందు ఇచ్చినాక ఇంకో గంటకి పడుకున్నాడు. తలకి వైర్లు అతికించి చెవిలో టిక్ టిక్ శబ్దాలు పంపి మెదడు దాకా పోయే కరెంటు గీతలుగా చూస్తారు. మా రిపోర్టులో రెండు చెవులకీ 90 డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే లెక్క) దగ్గర గీత లేదు అని రాశారు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, బెరాలో గీత రాలేదంటే సున్నా వినికిడి అని కాదు. మామూలు క్లిక్ బెరా ఎక్కువగా సన్నటి కీచు శబ్దాలనే చూస్తది, డప్పు లాంటి లావు శబ్దాలు కొంత వినపడుతూ ఉండొచ్చు, అందుకే ఏఎస్ఎస్ఆర్ కూడా అడగండి, అందులో సన్న శబ్దానికీ లావు శబ్దానికీ విడివిడిగా తెలుస్తది. రెండోది, ఓఏఈ పాస్ అయినా చెవుడు ఉండొచ్చు. లోపలి చెవి బాగుండి నరం దగ్గర తేడా ఉండే రకం ఒకటి ఉంది, అందులో ఓఏఈ వస్తది, బెరా రాదు. ఆ పిల్లల దారి కొంచెం వేరు, హడావిడిగా ఆపరేషన్‌కి పోకూడదు. ఇంకా చెవిలో నీరు చేరితే కూడా వినికిడి తక్కువ చూపిస్తది కాబట్టి ఇంపిడెన్స్ టెస్టు కూడా ఉండాల.

3. ముందు మామూలు చెవి మిషన్

నేరుగా ఆపరేషన్ చేసేస్తాం అనే వాళ్ల దగ్గర కొంచెం ఆగండి. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు మంచి డిజిటల్ మిషన్ రెండు చెవులకీ పెట్టి, థెరపీ చేసుకుంటా చూస్తారు. కొంతమందికి దాంతోనే సరిపోద్ది, ముఖ్యంగా 70, 80 డెసిబెల్స్ లోపు వాళ్లకి. మిషన్ పెట్టుకొని ఎంత వింటున్నాడో చూసే పరీక్ష గ్రాఫులో, మనిషి మాటలన్నీ అరటిపండు ఆకారంలో ఒక చోట ఉంటాయి, దాన్ని స్పీచ్ బనానా అనే అంటారు. బిడ్డ గీతలు ఆ అరటిపండు లోపలికి వస్తున్నాయా లేదా అన్నదే ప్రశ్న. మా వాడివి దాని దరిదాపులకి కూడా రాలేదు.

చెవి అచ్చు (మిషన్‌కి తగిలించి చెవిలో పెట్టే ముక్క) వదులైతే మిషన్ కూయ్‌మని కూస్తది, పిల్లల చెవులు పెరిగిపోతుంటాయి కాబట్టి కొన్ని నెలలకోసారి అచ్చు మార్పించాల, ఆ కూత భరించలేక మిషన్ తీసి బీరువాలో పెట్టిన వాళ్లని నేను చూశా, అట్ట చేసి మిషన్ పనిచేయలేదు అంటే అది ట్రయల్ కాదు.

మెదడు జ్వరం వచ్చి చెవుడు వచ్చిన పిల్లలకి మాత్రం ఈ ఆరు నెలల లెక్క వర్తించదు. ఆ జబ్బు తర్వాత లోపలి చెవిలో ఎముక పేరుకుపోవచ్చు, పేరుకుంటే వైరు దూరడం కష్టం. వాళ్లు వారాల లెక్కన పరిగెత్తాల.

4. స్కాన్

సీటీ, ఎంఆర్ఐ రెండూ తీస్తారు. సీటీలో నత్తగుల్ల లాంటి లోపలి చెవి సరిగ్గా ఉందా అని, ఎంఆర్ఐలో వినికిడి నరం ఉందా అని. నరమే లేకపోతే ఇంప్లాంట్ ఎవరికి కబురు చెప్పాల? ఎందుకంటే ఈ వస్తువు శబ్దాన్ని పెద్దది చేయదు. చెవి వెనక ఉండే ప్రాసెసర్ శబ్దాన్ని సంకేతాలుగా మార్చి, తలకి అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ద్వారా చర్మం కింద ఉన్న ముక్కకి పంపిస్తది, అక్కడి నుంచి సన్న వైరు లోపలి చెవిలోకి పోయి నరాన్ని నేరుగా కరెంటుతో తట్టి లేపుద్ది. 1978లో ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనే డాక్టరు వైరు మీద ఎక్కువ ఎలక్ట్రోడ్లు (నరాన్ని తట్టే చుక్కలు) ఉన్న ఇంప్లాంట్ పెట్టాడు, ఇప్పుడొచ్చేవన్నీ అట్ట ఎక్కువ ఎలక్ట్రోడ్లున్నవే.

జన్యు పరీక్ష గురించి కూడా ఇక్కడే చెప్తా. మనవైపు మేనరికాలు ఎక్కువ కదా, పుట్టు చెవుడుకి కనెక్సిన్ 26 అనే జీన్‌లో తేడా ఒక ముఖ్యమైన కారణం. తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి వస్తేనే బిడ్డకి చెవుడు వస్తది, అంటే ఇద్దరి వైపు నుంచీ వచ్చిందే, తర్వాత పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటది. కడుపుతో ఉన్నప్పుడు అది తిన్నదనో గ్రహణం రోజు బయట తిరిగిందనో తల్లిని అనే వాళ్లకి ఈ ముక్క వినిపించండి.

5. డబ్బు

సొంతంగా కొంటే ఒక చెవికి ఆపరేషన్‌తో కలిపి 6 లక్షల దగ్గర మొదలై మోడల్‌ని బట్టి 12, 15 లక్షల దాకా పోద్ది. పొలం అమ్మే ముందు రెండు దారులు చూడండి. మొదటిది మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. రేషన్ కార్డు, ఆధార్, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, బెరా, స్కాన్ రిపోర్టులు పట్టుకొని నెట్‌వర్క్ హాస్పిటల్లో ఆరోగ్యమిత్రని కలవండి, 104కి ఫోన్ చేస్తే ఏ హాస్పిటల్లో చేస్తారో చెప్తారు. దీనికి వయసు హద్దు ఉంటది, ముందు అది అడగండి, ఆ హద్దు రెండు నెలల్లో దాటిపోతుందని తెలిసి పరిగెత్తిన వాళ్లున్నారు. రెండోది కేంద్రం ఇచ్చే అడిప్ పథకం (వికలాంగులకి పరికరాలు ఇచ్చేది), ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థ చూస్తది, పుట్టు చెవుడు పిల్లలకి ఐదేళ్ల లోపు అయితే అప్లై చేసుకోవచ్చు, కుటుంబ ఆదాయానికి హద్దు ఉంది. ఆ సంస్థ శాఖ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది.

వికలాంగుల సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) కూడా పనిలో పనిగా చేయించండి. 2016 చట్టం ప్రకారం రెండు చెవులకీ 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరుల కిందకి వస్తారు.

పథకంలో వచ్చే మోడల్ తక్కువ రకం అని భయపెడతారు. నా మాట అడిగితే, ఏడాది ఆగి డబ్బు కూడబెట్టి పెద్ద మోడల్ పెట్టించే దానికన్నా ఈ నెలలో వచ్చేది పెట్టించి ఆ డబ్బు విడిభాగాలకి దాచుకోవడం మేలు. నాలుగేళ్లప్పుడు పెట్టిన ఖరీదైన మోడల్ కన్నా ఒకటిన్నర ఏడాదికి పెట్టిన మామూలు మోడల్‌తో మాటలు బాగా వచ్చిన పిల్లల్ని థెరపీ సెంటర్‌లో నా కళ్లతో చూశా.

6. ఏ కంపెనీ

మన దగ్గర ఎక్కువగా వినిపించేవి మూడు, ఆస్ట్రేలియా కాక్లియర్, ఆస్ట్రియా మెడ్‌ఎల్, అమెరికా అడ్వాన్స్‌డ్ బయోనిక్స్. మూడింటితోనూ పిల్లలు మాట్లాడుతున్నారు. ఎన్ని ఎలక్ట్రోడ్లు అని బ్రోచర్లో లెక్కపెట్టకుండా ఇవి అడగండి: లోపలి ముక్కకి, బయటి ప్రాసెసర్‌కి, వైరుకి, కాయిల్‌కి గ్యారంటీ విడివిడిగా ఎన్నేళ్లు, అది కాగితం మీద రాసిస్తారా, పాడైతే దగ్గరి సర్వీసు యాడ, బాగయ్యే లోపు బదులు ప్రాసెసర్ ఇస్తారా. ఇంప్లాంట్ పెట్టాక ఎంఆర్ఐ తీయొచ్చా, ఎంత పవర్ దాకా అనేది కూడా. మాకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. మూడో ఏడు కాయిల్ వైరు చచ్చిపోతే గ్యారంటీ వైరుకి లేదన్నారు, పంతొమ్మిది రోజులు మా వాడు చెవుల్లేకుండా ఉన్నాడు, అప్పుడే నేర్చిన మాటలు గొంతులో మెత్తబడిపోయాయి.

7. ఇంట్లో కూర్చొని తేల్చాల్సింది

ఆపరేషన్ డేటు తీసుకోకముందే ఒక రాత్రి అన్నాలు తినేసి అందరూ కూర్చోండి, అత్తామామ కూడా. ఆపరేషన్ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలకి స్విచ్ ఆన్, అంటే మిషన్ మొదటిసారి ఆన్ చేసి వినిపించడం. తర్వాత మొదటి ఏడాది మ్యాపింగ్ (బిడ్డకి సరిపోయేటట్టు ప్రాసెసర్‌లో శబ్దాలు సర్దడం) కోసం చాలాసార్లు పోవాల, థెరపీకి వారానికి ఒకటి రెండు సార్లు. మేం పినాకినీ రైలెక్కి మద్రాసు పోయి రాత్రికి తిరిగొచ్చేవాళ్లం, ఆ రోజు మా ఆయనకి కూలి లేదు, గుంట దగ్గర ఇంకో మనిషిని పెట్టాల, ఇంట్లో చిన్నదాన్ని మా అత్త చూసుకోవాల. ఇదంతా లెక్కేస్తే ఆపరేషన్ ఫ్రీగా వచ్చినా మాకు మొదటి రెండేళ్లలో లక్షన్నర పైన ఖర్చయింది. ఎవరి ఉద్యోగం ఆగుద్ది, ఎవరు నేర్చుకొని ఇంట్లో నేర్పుతారు అనేది పేరు పెట్టి తేల్చండి. "అందరం చూసుకుంటాంలే" అంటే ఎవరూ చూసుకోరని అర్థం.

భాష సంగతి కూడా అప్పుడే అనుకోండి. మద్రాసులో థెరపిస్ట్ తమిళంలో నేర్పితే ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ అంటే ఇప్పుడే వినడం మొదలెట్టిన బిడ్డ ఏది పట్టుకోవాల? మేం రెండో నెల్లోనే తెలుగు వచ్చిన థెరపిస్ట్‌ని అడిగి మార్పించుకున్నాం. జేజి మాట్లాడే భాషే మొదటి భాష. మాకు ఆలస్యంగా తెలిసింది కానీ తిరుపతిలో టీటీడీ వాళ్ల శ్రవణం ప్రాజెక్టు ఉంది, చిన్న పిల్లలకి తల్లితో కలిపి తెలుగులో నేర్పుతారు, నెల్లూరు వాళ్లకి అది మద్రాసు కన్నా దగ్గర.

8. వద్దు అనుకున్నా తప్పు కాదు

నరం లేకపోతే, బిడ్డకి ఏడెనిమిదేళ్లు దాటి ఇప్పటిదాకా శబ్దమే ఎరగకపోతే, ఇంప్లాంట్ వల్ల మాటలు వచ్చే ఆశ బాగా తగ్గిపోద్ది, ఎందుకంటే మెదడులో శబ్దానికి ఉంచిన చోటుని చూపు లాంటివి వాడేసుకుంటాయి. అప్పుడు కూడా "పెట్టించండి సార్, మాటలొస్తాయి" అనే వాళ్లుంటారు. సైగ భాష పూర్తి భాష, దాంతో డిగ్రీలు చదివిన వాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారు. తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాలకి ఒకసారి పోయి చూసి రండి, ఇంప్లాంట్ చేయించాలనుకున్నా సరే పోయి రండి. అక్కడ పెద్ద పిల్లలు చేతులతో గొడవపడుతూ జోకులేసుకుంటుంటే చూశాక నాకు సగం భయం పోయింది. ఇంప్లాంట్ ఉన్నా సైగలు నేర్పితే మాటలు రావు అని మాకు ఒకరు చెప్పారు, నేను నమ్మను. స్నానంలో, నిద్రలో, బ్యాటరీ అయిపోయినప్పుడు మా వాడికి ఏమీ వినపడదు, అప్పుడు వాడితో దేంతో మాట్లాడాల?

9. ఆపరేషన్

న్యుమోకోకల్, హిబ్ లాంటి మెదడు జ్వరం టీకాలు ముందే వేయించాల, ఇది తప్పనిసరి. చెవి వెనక చిన్న కోత, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. ముఖ నరం దెబ్బతినడం, ఇన్ఫెక్షన్, తల తిరగడం లాంటివి అరుదే కానీ ఉంటాయి, సంతకం పెట్టేముందు అడగండి. ఆ చెవిలో మిగిలిన కాస్త సహజ వినికిడి పోవచ్చు. రెండో చెవికి మామూలు మిషన్ ఆపొద్దు.

10. స్విచ్ ఆన్ రోజు

వీడియోల్లో పాప అమ్మ గొంతు విని నవ్వుద్ది కదా, మా వాడు ఏడ్చి కాయిల్ పీకి పారేశాడు. పక్క గదిలో పాపకి ఏ మార్పూ లేదు, వాళ్లమ్మ మొహం చూడలేకపోయా. ఇద్దరూ ఇప్పుడు మాట్లాడుతున్నారు. ఆ రోజు నుంచే చెవి వయసు లెక్కేసుకోండి, రెండున్నరేళ్ల బిడ్డ అయినా చెవికి ఆ రోజే పుట్టినరోజు. మొదటి మాటకి ఏడాది పట్టినా కంగారు పడొద్దు. మా వాడి మొదటి మాట పది నెలలకి, "పో". కోడిని అన్నాడు.

11. ఇంట్లో రోజూ చేసేది

పొద్దున్నే కాయిల్ పెట్టగానే ఆరు శబ్దాల పరీక్ష. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. వాడి చేతిలో చింతగింజ ఉంటది, చెవి దగ్గర పెట్టుకొని కాచుకొని ఉంటాడు, శబ్దం వినపడగానే ప్లాస్టిక్ డబ్బాలో వేస్తాడు (స్టీలు గ్లాసు వద్దు, గింజ పడిన ఖంగు శబ్దానికే అలవాటు పడతారు). నేను వెనకాల నిలబడి అంటా, నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదు, పెడితే స్, ష్ సన్నబడిపోతాయి. మధ్యలో పది సెకన్లు ఊరికే కూడా ఉంటా, లేకపోతే తాళం పట్టేసి వినకుండానే వేసేస్తాడు. ముందు ఒక మీటరు దూరం నుంచి, తర్వాత గది చివర నుంచి. ఒకరోజు స్, ష్ రెండింటికీ గింజ వేయలేదు. మొండి చేస్తున్నాడని తిట్టా, తీరా చూస్తే మైక్ కవర్‌లో ఉప్పు చెమట పేరుకొని ఉంది. బిడ్డ వినలేదంటే ముందు మిషన్ చూడాలని అప్పుడు తెలిసొచ్చింది.

నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా పెట్టే ఉంచాల. ప్రాసెసర్ లోపల రోజుకెన్ని గంటలు పెట్టారో రాసుకుంటది, మాకది తెలీదు. మూడో మ్యాపింగ్‌లో మేడం "ఎంతసేపు పెడుతున్నారమ్మా" అంటే పొద్దంతా మేడం అన్నా, ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పింది. నాలుగు గంటల నలభై నిమిషాలు. నాకు తల కొట్టేసినట్టయింది.

మిగతాదంతా వంటింట్లోనే. ఉల్లిపాయ కోస్తా, దోస పోస్తా, చుయ్ అంది విన్నావా అని ముందు చెవి చూపించి, తర్వాతే వస్తువు చూపించడం. టీవీ, మిక్సీ, మోటరు ఆపాలి, ఆ గోలలో మాట విడదీసుకోవడం వాళ్లకి చాలా కష్టం.

12. ఉప్పు గాలి, చెమట

మన సముద్రం పక్క గాలికి ఎలక్ట్రానిక్స్ బతకడం కష్టం. రాత్రి తీసి తుడిచి డ్రై బాక్సులో పెట్టండి, లోపల సిలికా రంగు మారితే మార్చండి. ఒక వైరు, ఒక కాయిల్ ఎప్పుడూ అదనంగా ఉండాల, పుట్టినరోజుకి బట్టలు తగ్గించైనా కొనిపెట్టండి. ప్లాస్టిక్ జారుడుబల్ల ఎక్కే ముందు ప్రాసెసర్ తీసేయండి, దాని మీద పుట్టే కరెంటు మ్యాప్‌ని చెడగొట్టొచ్చు.

13. స్కూలు

మామూలు స్కూలుకే పంపొచ్చు. మా వాడు ఇప్పుడు ఒకటో తరగతి, ముందు బెంచీలో ఎడమ వైపు కూర్చుంటాడు, కుడి చెవి టీచర్ వైపు ఉండాలని. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు అని టీచర్‌కి చెప్పాం, ఫ్యాను కింద కూర్చోబెట్టొద్దన్నాం. మొదటి రోజు పిల్లలంతా ఏందది ఏందది అని గుమిగూడితే వాడే కాయిల్ తీసి, మళ్లీ తలకి టక్కున అతికించి చూపించాడు, రెండో రోజుకి ఎవరూ పట్టించుకోలేదు. "ర" ఇంకా పలకలేడు, నన్ను ఏడిపించాలంటే "అమ్మా, లొయ్యలు వద్దు" అంటాడు, రొయ్యల కూర వాడికి పడదు.